లినక్స్ డ్రైవర్లో 64 బిట్ల రిజిస్టర్‌ను ముట్టుకునే ముందు, ముట్టుకునేటప్పుడు

డ్రైవర్ 64 బిట్ల మెషీన్ మీద చక్కగా కంపైల్ అవుతుంది, చక్కగా నడుస్తుంది. అదే కోడ్‌ను 32 బిట్ల ఆర్మ్‌కో, పాత ఎక్స్86కో బిల్డ్ చేయగానే పరికరంలోని 64 బిట్ల రిజిస్టర్‌ను (దానితో మాట్లాడే చిన్న నిల్వ గడిని) ఒకేసారి చదివే రీడ్‌క్యూ అనే ఫంక్షన్ ఎక్కడా లేదంటూ కంపైలర్ ఆగిపోతుంది. కాసేపు వెతికితే ఓ హెడర్ ఫైల్ పేరు దొరుకుతుంది. దాన్ని చేరిస్తే ఎర్రర్ మాయమవుతుంది. చాలామంది పని అయిపోయిందనుకునేది అక్కడే, అసలు తప్పు దూరేదీ అక్కడే. అలాంటి హెడర్లు రెండున్నాయి. ఒకటి కింది సగం ముందు చదువుతుంది, రెండోది పై సగం ముందు చదువుతుంది. మీ పరికరానికి ఏది సరిపోతుందో, అసలు రెండింట్లో ఏదైనా సరిపోతుందో లేదో చెప్పగలిగేది దాని డేటాషీట్ ఒక్కటే.

పేర్ల గురించి ఒక మాట. ఫంక్షన్ల పేర్లను ఇక్కడ పలికే తీరులోనే రాశాం. చివర ఎల్ ఉంటే 32 బిట్లు, క్యూ ఉంటే 64. ‘హెక్స్ 80’ అంటే పదహారు ఆధారంగా రాసిన ఆఫ్‌సెట్, అంటే రిజిస్టర్లు మొదలయ్యే చోటి నుంచి దూరం. కింది సగం అంటే 0 నుంచి 31 వరకు ఉన్న బిట్లు, పై సగం అంటే 32 నుంచి 63 వరకు.

1. ముందు రిజిస్టర్లను జాతులుగా విడదీయండి

కోడ్ తెరవకముందే డేటాషీట్‌లోని 64 బిట్ల రిజిస్టర్లన్నిటినీ ఓ కాగితం మీద రాసుకోండి. ఒక్కోదాని ఎదుట నాలుగు జవాబులు కావాలి. 32 బిట్ల ముక్కలుగా యాక్సెస్ చేయనిస్తుందా? చదివినంత మాత్రాన లోపల ఏమైనా మారుతుందా? రాసేటప్పుడు ఏ సగం అందగానే పరికరం పని మొదలుపెడుతుంది? మనం రెండు సగాలూ చదివేలోపు విలువ తనంతట తానే మారిపోతుందా?

ఈ జవాబుల్ని బట్టి రిజిస్టర్లు కొన్ని జాతులుగా విడిపోతాయి. అన్నిటికన్నా తేలికైనవి ఎప్పుడూ మారనివి. ఎన్‌వీఎంఈ (ఎస్‌ఎస్‌డీలు వాడే ప్రమాణం) కంట్రోలర్‌లో ఆఫ్‌సెట్ 0 దగ్గరుండే క్యాప్ రిజిస్టర్ అలాంటిదే. క్యూలో గరిష్ఠంగా ఎన్ని ఎంట్రీలు పడతాయో 0 నుంచి 15 బిట్లలో, టైమౌట్ ఎంతో 500 మిల్లీసెకన్ల లెక్కన 24 నుంచి 31 బిట్లలో ఉంటాయి. డోర్‌బెల్‌ల (క్యూలో కొత్త పని ఉందని పరికరానికి చెప్పే రిజిస్టర్ల) మధ్య దూరం చెప్పే బిట్లు మాత్రం 32 నుంచి 35 వరకు, అంటే పై సగంలో. ఏ సగం ముందు చదివినా నష్టం లేదు.

తర్వాతివి చిరునామాలు రాసే జంటలు. అదే కంట్రోలర్‌లో హెక్స్ 28 దగ్గర అడ్మిన్ సబ్మిషన్ క్యూ చిరునామా, హెక్స్ 30 దగ్గర అడ్మిన్ కంప్లీషన్ క్యూ చిరునామా రాస్తాం. పరికరం వాటిని చూసేది హెక్స్ 14లోని ఎనేబుల్ బిట్ వేసిన తర్వాతే. కాబట్టి వీటినీ భయం లేకుండా ముక్కలు చేయవచ్చు. ఎన్‌వీఎంఈ స్పెసిఫికేషన్ కూడా 64 బిట్ల రిజిస్టర్‌ను రెండు 32 బిట్ల యాక్సెస్‌లుగా తీసుకోవడానికి ఒప్పుకుంటుంది. పైగా రోజంతా లక్షల సార్లు మోగే డోర్‌బెల్‌లు 32 బిట్లవే కావడంతో వేగంగా నడవాల్సిన దారిలో ఈ గొడవే రాదు. మంచి రిజిస్టర్ డిజైన్ అంటే ఇలా ఉండాలి.

చిక్కు తెచ్చేవి మిగిలిన మూడు జాతులు: ఒక సగం రాయగానే పని మొదలుపెట్టేవి, నిరంతరం తిరిగే కౌంటర్లు, చదివితే ఖాళీ అయ్యే స్టేటస్, ఫిఫో (ముందు వచ్చింది ముందు పోయే వరస) రిజిస్టర్లు. చివరి జాతిని ముక్కలుగా చదవవచ్చని డేటాషీట్‌లో స్పష్టంగా రాసి ఉంటే తప్ప చదవకండి. కింది సగం చదవగానే మొత్తం ఎంట్రీ బయటికి పోతే, పై సగంగా మీ చేతికొచ్చేది తర్వాతి ఎంట్రీది. అలాంటి పరికరానికి సరైన పరిష్కారం కేకాన్ఫిగ్‌లో (కెర్నల్ బిల్డ్ ఎంపికల ఫైల్లో) ‘64బిట్ మీద ఆధారపడుతుంది’ అని ఒక్క లైన్ రాయడమే. 32 బిట్ల మెషీన్ మీద తప్పుగా నడవడం కంటే అసలు బిల్డ్ కాకపోవడం మేలు.

2. కెర్నల్ ఏం ఇస్తుంది, ఏం ఇవ్వదు

64 బిట్ల ఆర్కిటెక్చర్లలో రీడ్‌క్యూ, రైట్‌క్యూ నేరుగా ఉంటాయి. 32 బిట్ల వాటిలో సాధారణంగా ఉండవు. ఉన్నాయో లేదో తెలియడానికి ఆర్కిటెక్చర్ ఫైళ్లు అదే పేరుతో ఓ మాక్రో కూడా పెడతాయి. మిగతా హెడర్లు ‘ఈ మాక్రో లేకపోతే’ అన్న షరతుతో తమ సొంత రూపాన్ని అందిస్తాయి.

ఆ హెడర్లు లినక్స్ ఇన్‌క్లూడ్ డైరెక్టరీలో ఉంటాయి: ఐఓ-64-నాన్‌అటామిక్-లో-హై, ఐఓ-64-నాన్‌అటామిక్-హై-లో. మొదటిది లో_హై_రీడ్‌క్యూ, లో_హై_రైట్‌క్యూ అనే ఫంక్షన్లను ఏ ఆర్కిటెక్చర్‌లోనైనా ఇస్తుంది. రీడ్‌క్యూ లేని చోట మాత్రమే ఆ పేరును వీటికి తగిలిస్తుంది. లోపల జరిగేది చాలా సాదా పని. ఒక రీడ్‌ఎల్, నాలుగు బైట్ల అవతల ఇంకో రీడ్‌ఎల్, రెండోదాన్ని 64 బిట్లకు పెంచి 32 స్థానాలు ఎడమకు జరిపి కలపడం. పేరులోనే ‘నాన్‌అటామిక్’ అని పెట్టారు. ఆ మాటను హెచ్చరికగానే తీసుకోండి.

రెండు హెడర్లనూ ఒకే ఫైల్లో చేరిస్తే ముందు వచ్చినదే రీడ్‌క్యూ పేరును దక్కించుకుంటుంది. కంపైలర్ కిక్కురుమనదు. ఇంకో హెడర్ ద్వారా పరోక్షంగా వచ్చినా ఇదే జరుగుతుంది, అందుకే వరస ముఖ్యమైన చోట రీడ్‌క్యూ అని రాసి ఊరుకోకండి. లో_హై_రీడ్‌క్యూ అనో హై_లో_రైట్‌క్యూ అనో పూర్తి పేరుతో పిలవండి. ఎన్‌వీఎంఈ డ్రైవర్ 64 బిట్ల మెషీన్ల మీద కూడా లో_హై రూపాన్నే వాడుతుంది. చదివేవాళ్లకు ఉద్దేశం తెలుస్తుంది, రెండు రకాల మెషీన్లలోనూ పరికరానికి ఒకే తీరు యాక్సెస్ వెళ్తుంది కాబట్టి ఒకచోట పరీక్షిస్తే రెండోచోటా నమ్మవచ్చు.

సొంతంగా రీడ్‌క్యూ రాసుకునే అలవాటు ఎంత దూరం తీసుకెళ్తుందో ఎంపీటీ2ఎస్‌ఏఎస్ అనే స్టోరేజ్ కార్డు డ్రైవర్ విషయంలో తేలింది. కార్డుకు 64 బిట్ల డిస్క్రిప్టర్ (చేయాల్సిన పని వివరం) పంపేటప్పుడు రెండు ముక్కల మధ్య ఇంకో సీపీయూ దూరకుండా ఆ డ్రైవర్ స్పిన్‌లాక్ (ఒకసారికి ఒకే సీపీయూను రానిచ్చే తాళం) వేసేది. ఆర్కిటెక్చర్‌లో రైట్‌క్యూ ఉంటే మాత్రం లాక్ అవసరం లేదనుకుని నేరుగా దాన్నే వాడేది. 32 బిట్ల ఎక్స్86కు ఎవరో ముక్కలు చేసే రైట్‌క్యూ చేర్చారు. పేరు దొరికింది, లాక్ పోయింది, డిస్క్రిప్టర్లు కలగాపులగమయ్యాయి. 2011లో ఆ 32 బిట్ల రూపాలను ఎక్స్86 నుంచి తీసేశారు. వరసనూ లాక్‌నూ డ్రైవర్ రాసేవాళ్లే నిర్ణయించుకోవాలన్న ఇప్పటి పద్ధతి వెనక ఉన్నది ఈ అనుభవమే.

3. ఏ సగం ముందు?

ఎక్స్‌హెచ్‌సీఐ యూఎస్‌బీ కంట్రోలర్లు దీనికి మంచి పాఠం. చిరునామా ఉండే 64 బిట్ల రిజిస్టర్లను ముక్కలుగా రాసేటప్పుడు కింది సగం ముందు, పై సగం తర్వాత రాయాలన్నది నియమం. 64 బిట్ల చిరునామాలు తెలియని కంట్రోలర్ పై సగాన్ని పట్టించుకోదు. లినక్స్ డ్రైవర్ కూడా లో_హై_రైట్‌క్యూనే వాడుతుంది.

కానీ సినాప్సిస్ డిజైన్‌తో వచ్చిన కొన్ని కంట్రోలర్లలో ఈవెంట్ రింగ్ సెగ్మెంట్ టేబుల్ చిరునామా రాసే రిజిస్టర్ ఇంకోలా ప్రవర్తిస్తుంది. కంట్రోలర్ నడుస్తుండగా కింది సగం అందగానే ఆ చిరునామాకు వెళ్లి టేబుల్ చదవబోతుంది. పై సగం ఇంకా రాలేదు కాబట్టి వెళ్లేది తప్పుడు చోటికి. అందుకే వాటి కోసం డ్రైవర్‌లో హై-లో వరసలో రాయమనే క్విర్క్ (ఆ చిప్‌లకు మాత్రమే వర్తించే సర్దుబాటు) ఒకటి చేర్చాల్సి వచ్చింది. ఒకే స్పెసిఫికేషన్, ఒకే రిజిస్టర్, తిరగబడిన వరస. స్పెసిఫికేషన్ చదివాక ఎర్రాటా (చిప్‌లో తెలిసిన లోపాల జాబితా) చదవకపోతే పని సగమే అయినట్టు.

గుర్తుంచుకోవాల్సిన సూత్రం చిన్నదే: పని మొదలుపెట్టించే సగాన్ని ఆఖరున రాయండి. ఆర్మ్ ఎస్‌ఎంఎంయూ (పరికరాలు వాడే మెమరీ చిరునామాలను అనువదించే యూనిట్) డ్రైవర్ హై-లో హెడర్ వాడుతుంది, ఎన్‌వీఎంఈ, ఎక్స్‌హెచ్‌సీఐ లో-హై వాడతాయి. ఇంకో డ్రైవర్‌లో చూసి కాపీ కొట్టే వీల్లేని విషయం ఇది.

4. తిరిగే కౌంటర్‌ను చదవడం

కౌంటర్ 100 మెగాహెర్ట్జ్ వేగంతో తిరుగుతోందనుకోండి. పై సగంలో 7 ఉంది, కింది సగంలో అన్నీ ఒకట్లు. లో-హై వరసలో కింది సగం చదివారు, అన్నీ ఒకట్లు వచ్చాయి. మరుసటి టిక్‌కు కింది సగం సున్నా అయింది, పై సగం 8 అయింది. ఇప్పుడు పై సగం చదివితే 8. రెండూ కలిపితే కౌంటర్ ఇంకా చేరని విలువ వస్తుంది. దాదాపు 43 సెకన్లు ముందుకు దూకినట్టు. హై-లో వరసలో చదివితే 7, సున్నా కలిసి 43 సెకన్లు వెనక్కి పోయినట్టు. ఈ తప్పు 43 సెకన్లకోసారి, అదీ రెండు రీడ్‌ల నడుమ ఉన్న చిన్న సందులో మాత్రమే పడుతుంది. టేబుల్ మీద గంటసేపు పరీక్షించినా కనిపించకపోవచ్చు. కస్టమర్ దగ్గర నెలకోసారి టైమౌట్ లాగ్ రూపంలో కనిపిస్తుంది.

సరైన పద్ధతి పై సగాన్ని రెండుసార్లు చదవడం:

చెయ్యి
  పై = రీడ్‌ఎల్(ఆధారం + 4)
  కింది = రీడ్‌ఎల్(ఆధారం)
  మళ్లీ = రీడ్‌ఎల్(ఆధారం + 4)
పై, మళ్లీ సమానం కానంతసేపు

ఆర్మ్ మెమరీ-మ్యాప్డ్ టైమర్, 32 బిట్ల రిస్క్-వీ క్లింట్ (టైమర్) డ్రైవర్లు చేసేది ఇదే. మామూలుగా లూప్ ఒకసారితోనే ముగుస్తుంది, మహా అయితే రెండోసారి తిరుగుతుంది. కొన్ని చిప్‌లు కింది సగం చదవగానే పై సగాన్ని లాచ్‌లో పట్టి ఉంచుతాయి. అలాంటి వాటికి లో-హై వరస చాలు, కానీ అప్పుడు లాక్ తప్పనిసరి. ఇద్దరు ఒకేసారి చదివితే ఒకరి లాచ్ విలువ ఇంకొకరి చేతికి వెళ్తుంది.

రాయడంలో ఇంతకన్నా సూక్ష్మం రిస్క్-వీ ఎంటైమ్‌సీఎంపీ అనే టైమర్ రిజిస్టర్. గడియారం ఈ రిజిస్టర్‌లోని విలువను చేరినా, దాటినా ఇంటరప్ట్ వస్తుంది. పాత విలువ పై సగం 1, కింది సగం 5000, గడియారం ఇప్పుడు 1, 4000 అనుకోండి. కొత్త విలువ 2, 100 పెట్టాలి. కింది సగం ముందు రాస్తే కాసేపు 1, 100 అవుతుంది. గడియారం దాన్ని ఎప్పుడో దాటేసింది కాబట్టి అకారణంగా ఇంటరప్ట్ వస్తుంది. అయితే పై సగం ముందు రాద్దామా? పాతది 2, 100, కొత్తది 1, 5000 అయినప్పుడు అదే 1, 100 మళ్లీ ఎదురవుతుంది. ఏ వరసా అన్నివేళలా సరైంది కాదు. అందుకే రిస్క్-వీ స్పెసిఫికేషన్ మూడు రాతలు చెబుతుంది: మొదట కింది సగం నిండా ఒకట్లు, తర్వాత కొత్త పై సగం, ఆఖరున కొత్త కింది సగం. నడుమ ఏ క్షణంలో చూసినా రిజిస్టర్‌లో ఉన్నది పాత విలువ కంటేనో, కొత్త విలువ కంటేనో తక్కువ కాదు. హెడర్ ఇచ్చే రెండు రాతలతో ఇది సాధ్యపడదు, చేత్తో రాయాల్సిందే.

5. లాక్, బారియర్

రెండు సీపీయూలు ఒకే రిజిస్టర్‌కు రాసే అవకాశం ఉంటే ముక్కల రాతకు స్పిన్‌లాక్ వేయండి. ఇంటరప్ట్ హ్యాండ్లర్ కూడా రాస్తుంటే ఇంటరప్ట్‌లు ఆపే రూపం, అంటే స్పిన్_లాక్_ఐఆర్‌క్యూసేవ్ కావాలి. 64 బిట్ల మెషీన్ మీద నేరుగా రైట్‌క్యూతో రాస్తే లాక్ లేకపోయినా నడుస్తుంది కాబట్టి ఈ లోపం అక్కడ బయటపడదు.

మామూలు రైట్‌ఎల్, రైట్‌క్యూ అంతకుముందు డీఎంఏ మెమరీలో (పరికరం నేరుగా చదివే మెమరీలో) మీరు రాసినవన్నీ పరికరానికి కనిపించాకే బయటికెళ్తాయి. రిలాక్స్‌డ్ రూపాలకు ఆ హామీ లేదు. ముక్కలు చేసినప్పుడు ఆ హామీ ఇచ్చే బారియర్ ఖర్చు రెండుసార్లు పడుతుంది. వేగం కావాలంటే మొదటి ముక్కను రిలాక్స్‌డ్‌గా, పని మొదలుపెట్టించే ముక్కను మామూలు రైట్‌ఎల్‌తో రాయండి. తిరగేస్తే డిస్క్రిప్టర్ మెమరీకి చేరకముందే పరికరం దాన్ని చదివేస్తుంది. పీసీఐ రాతలు పోస్టెడ్ (జవాబు కోసం ఆగకుండా పంపేసేవి) కాబట్టి పరికరానికి చేరిందని ఖాయం చేసుకోవాలంటే అదే పరికరం నుంచి ఒక రీడ్ చేయండి. చదివితే మారిపోని రిజిస్టర్‌నే అందుకు ఎంచుకోండి.

6. పాయింటర్‌తో నేరుగా చదవకండి

ఐఓరీమ్యాప్ (రిజిస్టర్లను కెర్నల్ చిరునామాల్లోకి తెచ్చే ఫంక్షన్) ఇచ్చిన చిరునామాను వోలటైల్ పాయింటర్‌గా మార్చి చదవడం చాలా కోడ్‌లో కనిపిస్తుంది. 64 బిట్ల రీడ్‌ను ఒకే ఇన్‌స్ట్రక్షన్‌గా ఇవ్వాలన్న పూచీ కంపైలర్‌కు లేదు. ఆర్మ్64లో జంట లోడ్ గానీ, చిరునామాను తనే పెంచుకునే లోడ్ గానీ వాడితే అసలు హార్డ్‌వేర్ మీద నడిచినా, కేవీఎం గెస్ట్‌లో (వర్చువల్ మెషీన్‌లో) ఎమ్యులేట్ చేసిన పరికరం దగ్గర కూలుతుంది. అలాంటి ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ట్రాప్ అయినప్పుడు ఏ రిజిస్టర్‌కు ఎన్ని బైట్లన్న వివరం ప్రాసెసర్ ఇవ్వదు, వర్చువల్ మెషీన్‌ను నడిపే హైపర్‌వైజర్ చేతులెత్తేస్తుంది. కెర్నల్ యాక్సెసర్లు ఇన్‌లైన్ అసెంబ్లీతో రాసింది అందుకే.

చిరునామా 8తో భాగించబడాలి. డేటాషీట్‌లో 64 బిట్ల ఫీల్డ్ హెక్స్ 14 లాంటి చోట ఉంటే రీడ్‌క్యూ వాడకండి. ఆర్మ్64లో డివైస్ మెమరీ మీద అలైన్‌మెంట్ ఫాల్ట్ వస్తుంది. ఎక్స్86లో ఫాల్ట్ రాదు, యాక్సెస్ ఎలా విడిపోతుందో మీ చేతుల్లో ఉండదు. అలాంటి ఫీల్డ్‌కు లో_హై రూపం సరిపోతుంది, దానికి 4 బైట్ల అలైన్‌మెంట్ చాలు.

చేత్తో ముక్కలు కలిపేవాళ్లు తరచూ చేసే తప్పు ఒకటుంది. 32 బిట్ల విలువను 64 బిట్లకు మార్చకుండానే 32 స్థానాలు జరపడం. సీ భాషలో దానికి అర్థమే నిర్వచించలేదు. ఎక్స్86లో షిఫ్ట్ సున్నా అయిపోయి పై సగం వచ్చి కింది సగం మీద పడుతుంది. ముందు యూ64కు మార్చండి, తర్వాత జరపండి. రాసేటప్పుడు అప్పర్_32_బిట్స్, లోయర్_32_బిట్స్ మాక్రోలు వాడండి. డీఎంఏ చిరునామా టైప్ 32 బిట్లదైనా ఇవి హెచ్చరిక లేకుండా పనిచేస్తాయి. రెగ్‌మ్యాప్ (రిజిస్టర్ల కోసం కెర్నల్ ఇచ్చే ఉమ్మడి లైబ్రరీ) వాడాలనుకుంటే గుర్తుంచుకోండి, రెగ్‌మ్యాప్_రీడ్ విలువ ఇచ్చేది అన్‌సైన్డ్ ఇంట్‌లో. 64 బిట్లు దాంట్లో పట్టవు.

7. 64 బిట్లకు మించితే

పరికరానికి డేటా కాపీ చేసే మెమ్‌సీపీవై_టూఐఓ ఎన్ని బైట్ల ముక్కలుగా రాస్తుందో హామీ ఇవ్వదు. వెడల్పు ముఖ్యమైతే ఐఓరైట్64_కాపీ వాడండి. దాని మూడో ఆర్గ్యుమెంట్ బైట్ల లెక్క కాదు, 8 బైట్ల పదాల లెక్క. 64 బైట్లకు 64 అని ఇస్తే 512 బైట్లు రాస్తుంది, పక్క రిజిస్టర్లన్నీ పాడవుతాయి. 32 బిట్ల మెషీన్లలో ఇది 4 బైట్ల రాతలకు దిగుతుంది. బారియర్ ఉండదు, మీరే వేయాలి.

64 బైట్లు ఒక్క ముక్కగా చేరాలంటే ఇంటెల్ ప్రాసెసర్లలో మూవ్‌డీఐఆర్64బీ అనే ఇన్‌స్ట్రక్షన్ ఉంది. ఇంటెల్ డేటా స్ట్రీమింగ్ యాక్సిలరేటర్‌కు డిస్క్రిప్టర్లు పంపే ఐడీఎక్స్‌డీ డ్రైవర్ ఐఓసబ్మిట్_సీఎండీఎస్512 ద్వారా వాడేది దాన్నే. గమ్యం చిరునామా 64తో భాగించబడకపోతే జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్ వస్తుంది. ముందుగా డబ్ల్యూఎంబీ బారియర్ వేయడం మర్చిపోకండి. సీపీయూలో ఆ ఇన్‌స్ట్రక్షన్ ఉందో లేదో ప్రోబ్‌లోనే (పరికరం దొరకగానే నడిచే డ్రైవర్ ఫంక్షన్లోనే) చూసుకోండి.

8. పరీక్ష

హార్డ్‌వేర్ లేకుండానే ఈ తేడాలన్నీ కళ్లారా చూడవచ్చు. క్యూఎంయూ అనే ఎమ్యులేటర్‌లో ఎడ్యు అనే బోధనా పరికరం ఉంది. వెండర్ హెక్స్ 1234, డివైస్ హెక్స్ 11ఈ8, ఒక మెగాబైట్ బార్ (రిజిస్టర్లుండే చిరునామా ప్రాంతం). హెక్స్ 80 కంటే కింద 4 బైట్ల యాక్సెస్‌లు మాత్రమే ఒప్పుకుంటుంది, అక్కడి నుంచి పైన 4 గానీ 8 గానీ. ఓ చిన్న మాడ్యూల్ రాసి 64 బిట్ల కెర్నల్ మీద ఆఫ్‌సెట్ 0ను రీడ్‌క్యూతో చదవండి. 64 బిట్లూ ఒకట్లే వస్తాయి. అదే చోట లో_హై_రీడ్‌క్యూ వాడితే కింది సగంలో గుర్తింపు విలువ హెక్స్ 010000ఈడీ సరిగ్గా వస్తుంది.

ఇప్పుడు హెక్స్ 80కి రండి, అది డీఎంఏ మూల చిరునామా. హెక్స్ 40000 రాసి రీడ్‌క్యూతో చదివితే రాసిందే వస్తుంది. లో_హై_రీడ్‌క్యూతో చదివితే పై సగం నిండా ఒకట్లు, ఎందుకంటే హెక్స్ 84 దగ్గర ఆ పరికరానికి రిజిస్టరే లేదు. ఒకే పరికరం, ఒకచోట వెడల్పు యాక్సెస్ చెడింది, ఇంకోచోట ముక్కలు చెడ్డాయి. నిజమైన పీసీఐ పరికరం కూడా తనకు నచ్చని వెడల్పుకు చాలాసార్లు ఇలాగే అన్నీ ఒకట్లతో జవాబిస్తుంది. అప్పుడు ఎల్ఎస్‌పీసీఐని ‘-వీవీ’ ఆప్షన్‌తో నడిపి, అన్‌సపోర్టెడ్ రిక్వెస్ట్ బిట్ లేచిందేమో చూడండి.

క్యూఎంయూ ఫలితాన్ని మరీ నమ్మేయకండి. పరికర మోడల్ రాసినవాళ్లు తమ వెడల్పు చెప్పకపోతే క్యూఎంయూ దాన్ని 4 బైట్లుగా తీసుకుని, గెస్ట్ చేసిన 8 బైట్ల యాక్సెస్‌ను చప్పుడు లేకుండా రెండుగా విరుస్తుంది. అలాంటి మోడల్ మీద మీ రీడ్‌క్యూ నెగ్గిందంటే అసలు చిప్ మీద నెగ్గుతుందని కాదు.

బిల్డ్ వైపు, ఐ386కూ 32 బిట్ల ఆర్మ్‌కూ ఆల్‌మాడ్‌కాన్ఫిగ్‌తో (వీలైనవన్నీ మాడ్యూళ్లుగా బిల్డ్ చేసే సెట్టింగ్‌తో) కంపైల్ చేయండి. సీ=1 ఇచ్చి స్పార్స్ (కోడ్ తనిఖీ సాధనం) నడిపితే ఐఓమెమ్ (ఇది పరికర చిరునామా అని చెప్పే) గుర్తు తీసేసిన పాయింటర్లన్నీ బయటపడతాయి. బస్సు మీదికి నిజంగా ఎంత వెడల్పు వెళ్లిందో చూడాలంటే ఎక్స్86లో ఎంఎంఐఓట్రేస్, ఆర్మ్64లో ఆర్‌డబ్ల్యూఎంఎంఐఓ ట్రేస్ ఈవెంట్లు ఉన్నాయి. లాగ్‌లో వెడల్పు, చిరునామా, విలువ కనిపిస్తాయి.

ప్యాచ్ పంపేటప్పుడు ‘32 బిట్ల బిల్డ్ సరిచేశాం’ అని ఒక్క ముక్కలో ముగించకండి. ఏ రిజిస్టర్లు ముక్కలవుతున్నాయో, ఏ వరసలో అవుతున్నాయో, డేటాషీట్‌లో ఏ విభాగం దానికి అనుమతిస్తోందో రాయండి. మొదటి మెట్టులో కాగితం మీద రాసుకున్న జవాబులే ఆ కమిట్ సందేశానికి సరిపోతాయి.